గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుందా? పరీక్షకు పోయే ముందు జాగ్రత్తలు

నల్లగొండకో హైదరాబాదుకో గొంతు చూపించుకోవడానికి బయల్దేరేవాళ్లు ఇవి చూసుకోండి.

– అన్నం మింగడమే కష్టమవుతోందా, బరువు తగ్గారా, గొంతు 3 వారాలు దాటినా బొంగురుగానే ఉందా, మెడలో గడ్డ తగులుతోందా? అయితే గ్యాస్ గోలీలతో నెట్టుకురావద్దు, వెంటనే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఉమ్మి మింగితే అడ్డంగా అనిపించి, తింటే హాయిగా దిగిపోయేది చాలావరకు ప్రమాదం కాదు, కానీ అది తేల్చాల్సింది డాక్టరే.

– బీడీ, గుట్కా అలవాటు దాచొద్దు, పక్కన కోడలున్నా సరే. ఏ పరీక్ష కావాలో దాన్నిబట్టి మారొచ్చు.

– రోజూ కల్లు తాగితే అదీ చెప్పాలి. కల్తీ కల్లులో అల్ప్రజోలం లాంటి మత్తు మందులు మన జిల్లాల్లో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. ఎండోస్కోపీకి (నోట్లోంచి కెమెరా గొట్టం వేసి లోపల చూసే పరీక్ష) ఇచ్చే మత్తుతో అవి కలిస్తే ఊపిరికే ముప్పు.

– రక్తం పలచబడే గోలీలు, షుగర్ మందులు మీ అంతట మీరు ఆపొద్దు. పాత చీటీ చూపించి అడగండి.

– ఎండోస్కోపీకి మామూలుగా 6 నుంచి 8 గంటలు కడుపు ఖాళీగా ఉండాలి, పొద్దున బస్టాండులో చాయ్ తాగినా వాయిదా పడొచ్చు.

– మత్తిస్తే ఆ రోజు బండి నడపొద్దు, ఇంట్లోవాళ్లను ఒకర్ని వెంట తీసుకుపోండి.

– జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే థైరాయిడ్ పరీక్షకు ముందే చెప్పండి, రిపోర్టు తప్పుగా రావచ్చు.