ఈఈజీనీ గుండె లయనూ ఒకే గడియారంపై నమోదు చేసే పద్ధతి

మనిషి ఉలిక్కిపడినప్పుడు మెదడు విద్యుత్ సంకేతంలో (ఈఈజీలో) మార్పు సెకను గడవకముందే కనిపిస్తుంది, చెమటను బట్టి మారే అరచేతి చర్మ వాహకత, అంటే చర్మం విద్యుత్తును ప్రసరింపజేసే గుణం, మారడానికి మాత్రం ఒకటి నుంచి మూడు సెకన్లు పడుతుంది. మెదడునూ, గుండె, చెమట వంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే స్వయంచోదిత నాడీవ్యవస్థనూ కలిపి పరిశీలించే పరిశోధకుడు ఈ వ్యవధులను నమ్మకంగా కొలవాలంటే, సంకేతాలన్నీ ఒకే గడియారంపై నమోదు కావాలి.

తొలి రోజుల్లో నేను ఈఈజీని ఒక కంప్యూటరులోనూ గుండె విద్యుత్ సంకేతమైన ఈసీజీని మరొక కంప్యూటరులోనూ నమోదు చేసి, రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టాను కాబట్టి సరిపోతుందనుకున్నాను. రెండు యంత్రాల గడియారాల మధ్య సెకనుకు 50 మైక్రోసెకన్ల తేడా ఉన్నా, గంట తిరిగేసరికి అది 180 మిల్లీసెకన్లవుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మెదడులో కలిగే ప్రతిస్పందనను ఈసీజీలోని ఆర్ శిఖరం (ప్రతి స్పందనలో నిటారుగా లేచే మొన) తరువాత సుమారు 200 నుంచి 600 మిల్లీసెకన్ల మధ్య వెతుకుతాం కనుక, ఆ తేడాతో ఫలితం ఎందుకూ కొరగాకుండా పోతుంది. వీలైతే ఈసీజీ, శ్వాస, చర్మ వాహకతలను ఈఈజీ యాంప్లిఫయర్ అదనపు ఛానెళ్లకే కలపండి. వేర్వేరు పరికరాలు తప్పనప్పుడు ఒకే ట్రిగర్ పల్సును (సమయాన్ని గుర్తించే చిన్న విద్యుత్ సంకేతాన్ని) రెండింటికీ పంపి, మొదట్లోనే కాక మధ్యమధ్యలోనూ చివరలోనూ గుర్తులు పడేలా చూడండి.

పరీక్షకు వచ్చేవారికి ముందురోజే చెప్పవలసిన మాట తలస్నానం గురించి. మన ఇళ్లలో తలకు కొబ్బరినూనె రాసుకోవడం మామూలే, కానీ నూనె ఉన్న చోట ఎలక్ట్రోడు చర్మానికి సరిగా అంటుకోదు. షాంపూతో తలంటుకొని, జుట్టు ఆరబెట్టుకొని, నూనె రాసుకోకుండా రమ్మనండి. కాఫీ, టీ, పొగాకు, భారీ భోజనం గుండె లయను మారుస్తాయి కాబట్టి పరీక్షకు ముందు కొన్ని గంటలపాటు వాటినీ మానమనాలి. ఏయే తీగ ఎందుకు పెడుతున్నామో వారి భాషలోనే వివరించి సమ్మతి తీసుకోవడం నియమం కోసమే కాదు. భయంతో కూర్చున్న మనిషి గుండె ఆ భయాన్నే నమోదు చేయిస్తుంది.

ఎలక్ట్రోడ్లను 10–20 పద్ధతిలో (తల కొలతలో 10, 20 శాతం దూరాలను బట్టి స్థానాలు నిర్ణయించే పద్ధతి) కొలిచి అమర్చి, జెల్ వేసి, వెంట్రుకలను పక్కకు తప్పిస్తూ ఇంపిడెన్సును (ఎలక్ట్రోడుకూ చర్మానికీ మధ్య విద్యుత్ అవరోధాన్ని) 5 కిలోఓమ్‌ల లోపుకు తీసుకురండి. చర్మ వాహకత ఎలక్ట్రోడ్లను ఎక్కువగా వాడని చేతి చూపుడువేలికీ మధ్యవేలికీ కట్టాలి. ఆ వేళ్లను స్పిరిటుతో తుడవకూడదు, అక్కడ ఈఈజీ జెల్ వాడకూడదు, ఎందుకంటే అందులోని ఉప్పు చెమట గ్రంథుల కొలతను పెంచి చూపిస్తుంది. ఈసీజీకి సెకనుకు 500 నుంచి 1,000 నమూనాలు తీసుకుంటే ఆర్ శిఖరం స్థానం కచ్చితంగా తెలుస్తుంది.

అసలు ప్రయోగానికి ముందు ఒక్క నిమిషం కళ్లు మూసుకోమనండి. తల వెనుక ఓ1, ఓ2 ఛానెళ్లలో 8–13 హెర్ట్జ్‌ల ఆల్ఫా లయ ఎగసి, కళ్లు తెరవగానే అణగిపోవాలి. ఇది యేనా నగరంలో హాన్స్ బెర్గర్ గమనించిన లయే, ఇప్పటికీ ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. చాలామందిలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి, కనిపించకపోతే ముందుగా తీగలను అనుమానించండి. తెర నిండా కరెంటు సరఫరా నుంచి చొరబడే 50 హెర్ట్జ్‌ల సన్నని అల కనిపిస్తే గ్రౌండు ఎలక్ట్రోడు వదులైందేమో, పక్కనే ఫ్యాను తీగ ఉందేమో చూడండి.

శ్వాసను చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అదే పెద్ద పొరపాటు. 0.15–0.4 హెర్ట్జ్‌ల మధ్య కనిపించే గుండె లయ హెచ్చుతగ్గులను శరీరాన్ని విశ్రాంతి వైపు నడిపే సహసహానుభూత (పారాసింపథెటిక్) నాడుల పనికి సూచికగా చదువుతాం. కానీ ప్రాణాయామం అలవాటున్నవారు నిమిషానికి ఆరుసార్లే ఊపిరి తీస్తే ఆ హెచ్చుతగ్గు 0.1 హెర్ట్జ్‌కు జారిపోతుంది, ప్రశాంతంగా ఉన్న మనిషి ఒత్తిడిలో ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఛాతీ చుట్టూ ఒక శ్వాస బెల్టు కడితే ఈ పొరపాటు పట్టుబడుతుంది.

విశ్లేషణకు కనీసం ఐదు నిమిషాల నిశ్చల నమోదు తీసుకొని, ఆర్ శిఖరాలను సాఫ్ట్‌వేరుకే వదిలేయకుండా కంటితో ఒకసారి చూడండి. ఒక్క శిఖరం తప్పిపోయినా ఆ చోట స్పందనల మధ్య వ్యవధి రెట్టింపై, ఐదు నిమిషాల లెక్కంతా చెడుతుంది. సరిదిద్దిన ప్రతి స్పందననూ, తొలగించిన ప్రతి కనురెప్పపాటు భాగాన్నీ, కారణంతో సహా నోటుపుస్తకంలో రాసిపెట్టండి.