మన కుందేలు కాళ్లు మనమే లెక్కపెట్టాలంటే

ప్రూఫులు దిద్దడం నా పని. ఇరవై ఏళ్లుగా ఇతరుల తప్పులు పట్టి బతుకుతున్నాను. అలాంటిది, నేను సొంతంగా రాసిన ఒకటిన్నర పేజీల ముందుమాటలో ఒక వరస చివర ‘అని’, కింది వరస మొదట్లో మళ్లీ ‘అని’ పడి అచ్చయిపోయింది. నాలుగుసార్లు చదివాను కూడా. కంటికి రెండూ కనిపించే ఉంటాయి, మనసే ఒకటి మింగేసింది. అప్పటి నుంచి నా రాతని చివరి వాక్యం నుంచి మొదటికి చదువుతాను. అర్థం తెగితే గానీ అక్షరాలు బయటపడవు.

ఏ విషయం తెలుసుకోబోయినా ఇదే చిక్కు. జాగ్రత్తగా ఆలోచిస్తే చాలదా అంటారు గానీ, ఆ జాగ్రత్త చూపించాల్సింది కూడా ఆ మనసే కదా. అందుకే, మన నమ్మకం నిజమో కాదో తేల్చుకోవడానికి నేను చెప్పే పద్ధతంతా కాగితం మీదే నడుస్తుంది.

మొదట, మీరు గట్టిగా నమ్మే ఒక సంగతిని ఒకే వాక్యంలో రాసి తేదీ వేయండి. నాది: ‘మబ్బు పట్టిన రోజు నాకు తలనొప్పి వస్తుంది.’ ఏం తేలితే ఈ వాక్యాన్ని కొట్టేస్తారో దాని కిందే రాసేయండి. ఫలితం చూశాక రాద్దామనుకుంటే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న సామెత మనకే వర్తిస్తుంది.

తర్వాత నాలుగు గళ్లు గీయండి. మబ్బూ నొప్పీ ఉన్న రోజులు, మబ్బుండి నొప్పి లేనివి, మబ్బు లేకుండా నొప్పి వచ్చినవి, రెండూ లేనివి. మనసు తనంతట తాను గుర్తుపెట్టుకునేది మొదటి గడినే. ఇంగ్లండ్ తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ 1620లో తెచ్చిన ‘నోవమ్ ఆర్గానమ్’ అనే పుస్తకంలో ఈ సంగతికి ఒక కథ చెప్పాడు. ఓడ ప్రమాదంలో మొక్కుకుని బతికి బయటపడ్డవాళ్ల బొమ్మలు గుడిలో చూపించి, ఇప్పుడైనా దేవుళ్ల మహిమ ఒప్పుకుంటావా అని ఒకాయన్ని అడిగారట. ‘మొక్కుకుని కూడా మునిగిపోయినవాళ్ల బొమ్మలెక్కడ?’ అన్నాడట ఆయన. మిగతా మూడు గళ్లు ఆ కనబడని బొమ్మల కోసం.

గళ్లు గీశాక పన్నెండు రోజులు శ్రద్ధగా నింపాను. పదమూడో రోజు నా చేతివాటం నాకే దొరికింది. తల నొప్పిగా ఉన్న రోజు ఆకాశంలో దూదిపింజంత తునక కనబడినా ‘మబ్బు’ అని రాస్తున్నాను. నొప్పి లేని రోజు సగం ఆకాశం కమ్ముకున్నా ‘మామూలే’ అంటున్నాను. ఆ పేజీలు చించేశాను. ఎండకి నా నీడ స్పష్టంగా పడకపోతేనే మబ్బు అని నియమం పెట్టుకున్నాను. ఉదయం తొమ్మిదికి ఆకాశం సంగతి, రాత్రి పడుకోబోయే ముందు తల సంగతి. ఒకటి రాసేటప్పటికి రెండోది తెలియకూడదు. ఈ మెట్టు విసుగ్గా ఉంటుంది, చాలామంది దాటేసేదీ ఇదే. మీరు వాడే మాటకి హద్దు గీయకపోతే మిగతా లెక్కంతా వృథా. బేకన్ కూడా మాటలు పెట్టే తికమకనే అన్నిటికంటే ఇబ్బందికరమైనదిగా చెప్పాడు.

ఇక ప్రశ్న అడిగే తీరు. 1960లో పీటర్ వాసన్ అనే మనస్తత్వవేత్త కొందరికి 2, 4, 6 అనే అంకెలిచ్చి, వీటి వెనక నియమమేమిటో కనిపెట్టమన్నాడు. వాళ్లు మూడేసి అంకెలు చెబితే, అవి నియమానికి సరిపోతాయో లేదో ఆయన చెబుతాడు. చాలామంది 8, 10, 12 లాంటివి చెప్పి, సరేననిపించుకుని, ‘రెండేసి పెరుగుతాయి’ అని తేల్చేశారు. అసలు నియమం, అంకెలు పెరుగుతూ పోవాలి, అంతే. 1, 2, 50 అని అడిగుంటే గుట్టు బయటపడేది. మీ ఊహ నిజమైతే ‘కాదు’ అనే జవాబు రావాల్సిన ప్రశ్న రోజుకొకటైనా వేసుకోండి.

మీ నమ్మకానికి ఎదురొచ్చే సంగతి కనబడితే అక్కడికక్కడే రాసుకోండి. అనుకూలమైన వాటికంటే ఇవి త్వరగా జారిపోతాయని డార్విన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

చివరగా, మీరు లెక్క రాసుకున్న పుస్తకం ఇంకొకరి చేతిలో పెట్టండి. ఫ్రాన్స్‌లో బ్లాండ్లో అనే భౌతిక శాస్త్రవేత్త 1903లో ‘ఎన్ కిరణాలు’ కనిపెట్టానన్నాడు. మరుసటి ఏడాది అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ ఆయన ల్యాబ్‌కి వెళ్లి, చీకట్లో పరికరంలో ఆ కిరణాలని విడదీయాల్సిన పట్టకాన్ని (ప్రిజం) చడీచప్పుడు లేకుండా తీసేశాడు. అయినా బ్లాండ్లోకి ఆ కిరణాలు కనబడుతూనే ఉన్నాయి! ఆయన మోసగాడేమీ కాదు, నాలాంటివాడే.

నా లెక్క ఇదీ. మబ్బు రోజులు 38, వాటిలో నొప్పి 7 సార్లు. మబ్బు లేనివి 52, నొప్పి 9 సార్లు. రెండు చోట్లా దాదాపు ఐదారు రోజులకొకసారి. వాక్యం కొట్టేసి, కాస్త గర్వంగానే, మా ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయికి చూపించాను. తేదీల మీద వేలు పెట్టి కిందిదాకా చూసింది.

“మీరు నాలుగు రోజులు ఖాళీగా వదిలేశారు సార్,” అంది. “తలనొప్పి వచ్చిన రోజైతే వదిలేసేవారా?”