చెక్క లేత్ స్పిండిల్‌కు బిగుసుకుపోయిన చక్‌ను ఊడదీయడం ఎలా?

చక్ అంటే చెక్కను పట్టి ఉంచే బిగింపు, స్పిండిల్ అంటే దాన్ని తిప్పే మరల ఇరుసు. లేత్ నడుస్తున్నప్పుడు ఉలి ఒత్తిడి చక్‌ను నిరంతరం బిగించే వైపే తోస్తుంది. ఉలి ఒక్కసారి చెక్కలో దిగబడి గట్టిగా తన్నిందంటే, చక్ వెనక అంచు స్పిండిల్ భుజానికి (మరలు ఆగేచోట ఉండే మెట్టుకు) కరుచుకుపోతుంది. మరల్లో పొట్టు, తుప్పు ఉన్నా, చక్‌ను నెలల తరబడి తీయకుండా వదిలేసినా పరిస్థితి అదే.

ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు.

తర్వాత గ్రబ్ స్క్రూలు చూడండి. చాలా చక్‌లకు, ఫేస్‌ప్లేట్లకు (చెక్కను స్క్రూలతో బిగించే పళ్లేలకు) వెనక మెడమీద, అంటే స్పిండిల్‌కు ఎక్కే భాగం మీద, ఒకటో రెండో చిన్న అలెన్ స్క్రూలుంటాయి. పొట్టు నిండి కనబడవు. పాత టూత్‌బ్రష్‌తో తోమి వెతకండి. అవి బిగించి ఉండగానే తిప్పితే స్పిండిల్ మరలు చెక్కుకుపోతాయి.

ఎటు తిప్పాలి?

లేత్ ముందు, హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే పెట్టె) ఎడమ చేతివైపు ఉండేలా నిలబడండి. స్పిండిల్‌ను కదలకుండా పట్టి, చక్ పైభాగం మీ వైపు వచ్చేలా తిప్పాలి. అంటే పని చేసేటప్పుడు అది తిరిగే దిశే. కొత్తవాళ్లు ఇక్కడే పొరబడి, ఊడదీస్తున్నామనుకుంటూ ఇంకా బిగిస్తారు.

స్పిండిల్‌ను పట్టడం

చక్ వెనక స్పిండిల్‌కు చదును చెక్కి ఉంటే దానికి సరిపోయే పానా వేయండి. పిడి మీ వైపుకు వచ్చి, బెడ్ (లేత్ అడుగు దిమ్మె) మీద పెట్టిన చెక్కముక్కపై ఆనాలి. చదునుకు బదులు రంధ్రం ఉంటే అందులో ఉక్కు కడ్డీ దూర్చండి. ఇండెక్సింగ్ పిన్‌ను మాత్రం దీనికి వాడొద్దు. అది డిజైన్ గుర్తులు పెట్టుకోవడానికి ఉన్న సన్నని పిన్. దెబ్బ పడితే విరుగుతుంది, లేదా దాని రంధ్రాలు సాగిపోతాయి. ఇంత చిన్న పిన్‌ను నమ్ముకుని లేత్ పాడు చేసుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

లాగొద్దు, కొట్టండి

నాలుగు దవడల చక్ అయితే దవడలు తెరిచి, తుమ్మ లాంటి గట్టి కర్రను వాటి మధ్య సందుల్లోంచి అడ్డంగా దూర్చి బిగించండి. కర్ర 50-60 సెంటీమీటర్ల పొడవు, సందులో పట్టేంత మందం ఉంటే చాలు. పొడవు భాగం మీ వైపు అడ్డంగా ఉండాలి. దాని కొస మీద కొయ్య సుత్తితో కిందికి ఒక్క చురుకైన దెబ్బ వేయండి. మెల్లగా లాగితే స్పిండిల్, బెల్టు కూడా కాస్త కాస్త కదిలి బలాన్ని మింగేస్తాయి. దెబ్బయితే వాటికి కదిలే వ్యవధి ఇవ్వదు. మూడు నాలుగు దెబ్బలకు కదలకపోతే ఆగండి.

ఫేస్‌ప్లేట్‌కు దవడలుండవు. దాని స్క్రూ రంధ్రాల్లోంచి ఒక పొడవాటి రీపర్‌ను బిగించి అదే పని చేయండి.

పైపు పానాతో చక్ ఒంటిని పట్టడం, స్పిండిల్ కొసన సుత్తితో బాదడం రెండూ వద్దు. మొదటిది చక్‌కు గాట్లు పెడుతుంది, రెండోది బేరింగ్‌లకు దెబ్బ.

ఇంకా మొండికేస్తే

చక్, స్పిండిల్ కలిసే చోట డబ్ల్యూడీ-40 లాంటి చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే తుడిచేసి మళ్లీ దెబ్బ వేయండి.

అదీ పనిచేయకపోతే హీట్ గన్‌తో చక్ మెడను చుట్టూ సమానంగా రెండు మూడు నిమిషాలు వేడిచేసి, స్పిండిల్‌కు వేడి పాకేలోపు కొట్టండి. అల్యూమినియం ఫేస్‌ప్లేట్‌కు ఇది బాగా పనికొస్తుంది: అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. నూనె తడి ఉన్నచోట, పొట్టు పేరుకున్నచోట వేడి పెట్టకండి, మంట అసలే వద్దు. బేరింగ్ వైపు గాలి మళ్లనివ్వకండి, లోపలి గ్రీజు కరుగుతుంది.

చక్‌ను కదలకుండా ఆపి మోటార్‌ను వెనక్కి తిప్పడమనే చిట్కా అక్కడక్కడా వినిపిస్తుంది. ఊడిన చక్ ఎగిరి మీద పడుతుంది. ఆ జోలికి పోవద్దు.

కొన్నిసార్లు చక్ ఊడొచ్చి, దాని లోపలి అడాప్టర్ (చక్‌ను స్పిండిల్ మరలకు అమర్చే ముక్క) మాత్రం స్పిండిల్ మీదే మిగులుతుంది. కంగారు పడకండి. దానికున్న గ్రబ్ స్క్రూ వదులు చేసి, చదునులకు పానా వేసి పైన చెప్పినట్టే తీయండి.

మళ్లీ ఎక్కించే ముందు

మరలను బ్రష్‌తో తోమి, గుడ్డతో తుడవండి. స్పిండిల్ భుజం మీద చిన్న గాటు లేచినా సన్నటి ఆకురాయితో అరగదీయండి. పాత నూనె డబ్బా ప్లాస్టిక్‌తో 1 మిల్లీమీటర్ మందం వాషర్ కత్తిరించి చక్‌కు, స్పిండిల్ భుజానికి మధ్యలో వేయండి. రంధ్రం మీ స్పిండిల్ సైజుకు ఉండాలి: 1 అంగుళం మందం, అంగుళానికి 8 మరలదైతే 25.4 మిల్లీమీటర్లు, ఎం33 (33 మిల్లీమీటర్ల మెట్రిక్ మర) అయితే 33. వాషర్‌ను 1 మిల్లీమీటర్ కంటే మందంగా వేస్తే చక్ సూటిగా కూర్చోదు, పట్టే మరలూ తగ్గుతాయి. వాషర్ ఉన్నా, లేత్‌ను వెనక్కి తిప్పి ఇసుక కాగితం పట్టాలనుకుంటే మాత్రం గ్రబ్ స్క్రూ బిగించాల్సిందే. లేకపోతే చక్ తనంతట తనే ఊడొస్తుంది.