జపాన్‌లో ఇంటి వంట నేర్చుకుందామనుకుంటే బుక్ చేసే ముందే చూసుకోవాల్సినవి

ఈ మధ్య జపాన్ వెళ్ళే మనవాళ్ళు ఫుజీ కొండ ముందు ఫోటోతో ఆగట్లేదు, ఎవరో ఒకావిడ ఇంట్లో రెండు మూడు గంటల క్లాస్ బుక్ చేసుకుని మిసో (సోయా గింజల్ని పులియబెట్టి చేసే ముద్ద) సూప్, తమాగోయాకి (గుడ్డు అట్టు), నికుజాగా (మాంసం, బంగాళదుంప కూర) నేర్చుకుని వస్తున్నారు. చాలా మంచి పని, ఎందుకంటే బయట తినే సుషి, రామెన్ వేరు, అక్కడ ఇళ్ళల్లో రోజూ వండుకునే అన్నం, ఒక సూపు, రెండు మూడు కూరల భోజనం పూర్తిగా వేరు, 2013లో యునెస్కో లిస్టులోకి ఎక్కిన వాషోకు (జపాన్ సంప్రదాయ భోజనం) అనేదానికి అసలు పునాది ఈ ఇంటి భోజనమే. కాకపోతే హోటల్లో నచ్చకపోతే ప్లేటు పక్కకి జరిపేసి లేచొచ్చేయొచ్చు. ఒకరి వంటింట్లో ఏప్రన్ కట్టుకుని నిలబడి, ఆవిడ మన కోసం నిన్న సాయంత్రం కొనుక్కొచ్చిన సరుకులు చూసి "ఇది నేను తిననండీ" అంటే ఇద్దరికీ ఇబ్బందే. కాబట్టి చెప్పాల్సినవన్నీ ఇక్కడి నుంచే, బుకింగ్ మెసేజ్‌లోనే చెప్పేయాలి, కింద రాసినవాటిలో సగం దాని గురించే.

అన్నిటికంటే పెద్దది దాషి. మనం వెజ్ అయితే మరీ. దాషి అంటే వాళ్ళ వంటలన్నిటికీ వాడే నీళ్ళు అనుకోండి, కొంబు అనే సముద్రపు నాచుని నానబెట్టి, అందులో కత్సువోబుషి వేసి వడగడతారు, ఆ కత్సువోబుషి ఏమో పొగబెట్టి ఎండబెట్టి చెక్కలా గట్టిపడిన చేపని పల్చగా చెక్కిన పొట్టు. ఇది మిసో సూప్‌లో ఉంటుంది, గుడ్డు అట్టు అనుకునే తమాగోయాకిలో కలుపుతారు, ఉడికించిన పాలకూర మీద పోస్తారు, గుమ్మడికాయ ఉడికించేది అందులోనే, టెంపురా (వాళ్ళ బజ్జీలు) ముంచుకునే సాస్‌లో, నూడుల్స్ గిన్నెలో, అన్నిట్లో అదే. మీరు వెజిటేరియన్ అని చెప్తే చాలామంది మాంసం ముక్కలు, చేప ముక్కలు తీసేస్తారు గానీ దాషి మార్చరు, అందులో మోసం ఏమీ లేదు, వాళ్ళ లెక్కలో అది చేప వంటే కాదు. అందుకే "వెజ్" అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. మాంసం, చికెన్, చేప, రొయ్య, కత్సువో దాషి, నిబోషి (ఎండు చిన్న చేపలు) ఇవేవీ తినము, కొంబుతో గానీ ఎండు షీటాకే పుట్టగొడుగులతో గానీ చేసిన దాషి అయితే ఓకే, గుడ్డు తింటాము లేదా తినము, ఇలా విడివిడిగా పేర్లతో రాయండి. అక్కడికెళ్ళాక అడగాలంటే "కత్సువో దాషి వా తాబెరారెమాసెన్" అని ఫోన్‌లో జపనీస్ లిపిలో సేవ్ చేసుకుని చూపించండి, నోటితో చెప్పడం కంటే అదే పని చేస్తుంది.

దాషి పౌడర్ ప్యాకెట్లు కూడా చూసుకోవాలి, మామూలుగా దొరికేవాటిలో ఎక్కువ శాతం చేపవే, కొంబుది వేరే ప్యాకెట్. మెన్‌త్సుయు అనే రెడీమేడ్ సాస్ బాటిల్ కూడా అంతే. ఇంకోటి చాలామందికి తెలియనిది, జపాన్ కర్రీ చేసే చాక్లెట్ బిళ్ళలాంటి రూ ముక్కలు ఉంటాయి కదా, వాటిల్లో చాలావాటిలో బీఫ్ కొవ్వు గానీ పంది కొవ్వు గానీ ఉంటుంది, పైన కూరగాయల బొమ్మ ఉన్నా సరే. బీఫ్ తినని వాళ్ళు, పోర్క్ తినని వాళ్ళు, నాన్‌వెజ్ తినేవాళ్ళైనా సరే, ఇది ముందే చెప్పండి. ఆల్కహాల్ పట్టింపు ఉన్నవాళ్ళకి మిరిన్ (వంటలో పోసే తియ్యటి బియ్యం మద్యం) సంగతి, అసలైన మిరిన్‌లో సుమారు 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది, దానితోపాటు వంట సాకే (బియ్యంతో చేసే మద్యం) కూడా పోస్తారు, మరిగితే చాలావరకు ఎగిరిపోతుంది గానీ మొత్తం పోదు.

పూర్తి శాకాహారం కావాలంటే ఇంటి వంట క్లాస్ కంటే బౌద్ధ మఠాల షోజిన్ ర్యోరి చూసుకోండి, వకాయామా జిల్లాలో కోయాసాన్ కొండ మీద గుళ్ళల్లోనే బస చేసి తినొచ్చు. అందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, కార్తీక మాసం పాటించే అత్తగారిని తీసుకెళ్ళినా నిశ్చింతగా ఉండొచ్చు.

తర్వాత ఎలర్జీలు, మందులు. అక్కడ ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాల్సిన వాటిలో గుడ్డు, పాలు, గోధుమ, సోబా, వేరుశనగ, రొయ్య, పీత, వాల్‌నట్ ఉంటాయి, సోబా అంటే ఆ బక్‌వీట్ నూడుల్స్, మనకి అలవాటు లేని గింజ కాబట్టి ఎలర్జీ ఉందో లేదో కూడా మనకి తెలియదు, మొదటిసారి కొంచెమే తిని చూడండి. సోయా సాస్‌లో మామూలుగా గోధుమ ఉంటుంది, గ్లూటెన్ పడనివాళ్ళు ఇది మర్చిపోతారు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నవాళ్ళు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి: గుండె జబ్బుకో, రక్తం గడ్డకట్టకుండానో వార్ఫరిన్ వేసుకునేవాళ్ళు నాత్తో (పులియబెట్టిన సోయా గింజలు) అస్సలు తినకూడదు, అందులో విటమిన్ కె బాగా ఎక్కువ, ఆ మందు పనిచేయకుండా చేస్తుంది, ఒక స్పూనే కదా అని కూడా వద్దు. థైరాయిడ్ ఉన్నవాళ్ళు కొంబు గురించి డాక్టర్‌ని అడిగి వెళ్ళండి, అయోడిన్ విపరీతంగా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్ళకి చెప్పేదేముంది, మిసో, సోయా సాస్, ఊరగాయలు అన్నీ ఉప్పే, సూపు ముక్కలు తిని నీళ్ళు వదిలేసినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక పచ్చివి. గుడ్డు సంగతికొస్తే అక్కడ వేడి అన్నం మీద పచ్చిగుడ్డు కొట్టుకుని తింటారు, వాళ్ళ గుడ్డు ప్యాకెట్ మీద వేసే తేదీ పచ్చిగా తినడానికి లెక్కేసి వేసినది, అందుకే కుదురుతుంది, గర్భవతులు, చిన్నపిల్లలు అక్కడ కూడా మానేయడమే మంచిది, ఇంటికొచ్చి మన కిరాణా కొట్టు గుడ్డుతో మాత్రం ఎవరూ ట్రై చేయకండి. చేప విషయంలో అనిసాకిస్ అని ఒక పురుగు ఉంటుంది, తిన్న కొన్ని గంటల్లో కడుపులో కత్తిపోట్లలా నొప్పి వస్తుంది. వెనిగర్‌లో ఊరబెడితే చస్తుందనీ, వసాబి తింటే చస్తుందనీ చాలామంది అనుకుంటారు, చావదు, మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలు ఫ్రీజ్ చేయాలి లేదా 60 డిగ్రీల్లో ఒక నిమిషం ఉడకాలి, 70 దాటితే ఇంకా ఖాయం. క్లాస్‌లో సాబా అంటే మాకెరెల్ ఉంటే ఫ్రీజ్ చేసిందా అని అడగండి, అడిగితే తప్పేం లేదు. కోడి మాత్రం ఎంత ఫ్రెష్ అని చెప్పినా పచ్చిగా, సగం కాల్చింది తినొద్దు, దక్షిణాన కాగోషిమా, మియజాకి వైపు చికెన్ సాషిమి (పచ్చి ముక్కలు) తినే అలవాటు ఉంది, క్యాంపిలోబాక్టర్ అనే బాక్టీరియా తాజా కోడిలో కూడా ఉంటుంది, అరుదుగా ఆ ఇన్ఫెక్షన్ తర్వాత కాళ్ళూచేతులూ పడిపోయే గిల్లన్ బారే కూడా వస్తుంది. బీఫ్ లివర్ పచ్చిగా వడ్డించడం 2012లో, పచ్చి పోర్క్ 2015లో అక్కడి ప్రభుత్వమే ఆపేసింది, కోడిని ఆపలేదు, అంతమాత్రాన సేఫ్ అనుకోకండి. చలికాలంలో వెళ్తే ఆయిస్టర్లు లోపలిదాకా ఉడికినవే తినండి, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ సీజన్ అది.

జూన్, జూలైలో వెళ్ళేవాళ్ళకి ఒక మాట, అప్పుడు వాళ్ళకి వానాకాలం, తర్వాత ఎండలు, ఉక్కపోత మన విజయవాడని గుర్తుచేస్తుంది. క్లాస్‌లో మిగిలింది డబ్బాలో పెట్టి ఇస్తే ఆ డబ్బా బ్యాగ్‌లో వేసుకుని రోజంతా గుళ్ళూ గోపురాలూ తిరిగి రాత్రికి తినొద్దు, నేరుగా రూమ్ ఫ్రిజ్‌కే. ఒనిగిరి (అన్నం ముద్దలు) చుట్టేటప్పుడు చేతికి ప్లాస్టిక్ కవర్ ఇస్తారు, "మనం చేత్తో తినేవాళ్ళమే కదా" అని తీసేయకండి, చేతి మీద చిన్న కోత ఉన్నా దాన్నుంచి వచ్చే స్టాఫ్ బాక్టీరియా అన్నంలో విషం తయారుచేస్తుంది, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. ఉంగరాలు, గాజులు తీసేసి వెళ్ళండి, గోళ్ళు కత్తిరించుకోండి. మోచి (బంకలా సాగే బియ్యం ముద్ద) ముక్కలు ముసలివాళ్ళకి, పిల్లలకి చిన్నవిగా కోసి ఇవ్వండి, జనవరిలో అది గొంతులో అడ్డుపడి హాస్పిటల్‌కి వెళ్ళేవాళ్ళు అక్కడ ఏటా ఉంటారు. అంబులెన్స్ నంబర్ 119, మన 108 కాదు.

కత్తుల గురించి రెండు విషయాలు. ఒకటి, వాళ్ళ కత్తులు మన వంటింటి కత్తుల్లా కాదు, చేయి ఆడించకుండానే దిగిపోతాయి, చేప కోసేవి కొన్ని ఒకవైపే పదును ఉంటాయి కాబట్టి నిటారుగా కోస్తున్నామనుకుంటే పక్కకి లాగుతాయి, కత్తిపీట మీద కోసి అలవాటైనవాళ్ళు మొదటి అయిదు నిమిషాలు మెల్లగా కోయండి, ఆవిడ ఏమీ అనరు. రెండోది అసలు డేంజర్. క్లాస్ అయ్యాక అందరికీ ఆ కత్తి కొనేయాలనిపిస్తుంది, టోక్యోలో కప్పాబాషి వీధికో, ఒసాకా పక్కన సాకాయికో వెళ్తారు, కొంటారు, కొని బ్యాక్‌ప్యాక్‌లో పడేసి మిగతా ట్రిప్ అంతా తిరుగుతారు. అక్కడ సరైన కారణం లేకుండా 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడ్ జేబులోనో బ్యాగ్‌లోనో పెట్టుకు తిరగడం నేరం, 2 ఏళ్ళ వరకు జైలు లేదా 3 లక్షల యెన్‌ల వరకు ఫైన్. కొన్న కత్తిని షాపు వాళ్ళ ప్యాకింగ్ విప్పకుండా, బిల్లుతో సహా నేరుగా హోటల్‌కి తీసుకెళ్ళి సూట్‌కేసులో పెట్టేయండి, ఫ్లైట్‌లో చెక్‌ఇన్ లగేజ్ మాత్రమే, వీలైతే కొనే పని ట్రిప్ చివరి రోజుకి పెట్టుకోండి. కార్బన్ స్టీల్ వద్దు బాబూ, తడి తుడవకుండా సింక్ పక్కన వదిలేసే ఇళ్ళు మనవి, వారంలో తుప్పు.

పొయ్యి దగ్గర కూడా మన అలవాట్లు అడ్డొస్తాయి. 2008 తర్వాత వచ్చిన ఇంటి గ్యాస్ స్టవ్‌లన్నిటికీ బర్నర్ మధ్యలో సెన్సర్ ఉంటుంది, గిన్నె అడుగు సుమారు 250 డిగ్రీలు దాటగానే మంట తనంతట తానే తగ్గిపోతుంది లేదా ఆరిపోతుంది, కాబట్టి "మీరు కూడా ఏదైనా ఇండియన్ వంట చూపించండి" అని ఆవిడ అడిగి మీరు ఖాళీ మూకుడులో ఎండుమిర్చి వేయించబోతే స్టవ్ పాడైందని కంగారు పడకండి, పైగా అపార్ట్‌మెంట్లో మిరపకాయ ఘాటుకి పక్కింటివాళ్ళు తలుపు కొట్టొచ్చు, జీలకర్ర పోపుతో సరిపెట్టండి. టెంపురా నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదన్నది అందరికీ తెలిసిందే, వాడిన నూనె సింకులో పోయకూడదన్నది మనవాళ్ళకి తెలియదు, పొడి వేసి గట్టిపరిచి గానీ, పాల డబ్బాలో పేపర్లు కుక్కి వాటికి పీల్చించి గానీ చెత్తలో వేస్తారు, ఎయిర్‌బిఎన్‌బి రూమ్‌లో మీరే ప్రాక్టీస్ చేసినా ఇదే రూలు.

ఇంటి మర్యాదలు పెద్దగా కష్టం కాదు, చెప్పులు గుమ్మం దగ్గర విప్పి, ముందు భాగం బయటి తలుపు వైపు ఉండేలా తిప్పి పెట్టడం, చిరుగుల్లేని సాక్సులు, టాయిలెట్‌కి వేరే స్లిప్పర్లు (వాటితోనే వంటింట్లోకి వచ్చేయకండి), చాప్‌స్టిక్స్ అన్నంలో నిటారుగా గుచ్చకపోవడం, ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరు అందుకోకపోవడం, ఈ రెండూ అక్కడ చావుకి సంబంధించినవి. అయిదు నిమిషాలు ముందే వెళ్ళండి, మరీ అరగంట ముందు కాదు, ఆవిడ ఇంకా ఇల్లు సర్దుకుంటూ ఉంటారు. క్యాన్సిల్ చేయాలంటే కనీసం రెండు రోజుల ముందు చెప్పండి, సరుకులు అప్పటికే కొనేస్తారు. ఇంట్లో పిల్లల ఫోటోలు అడగకుండా పోస్ట్ చేయొద్దు.

చేతిలో ఏదో ఒకటి పట్టుకెళ్ళడం బాగుంటుంది, కానీ చికెన్ పచ్చడి అనుకోకండి. మాంసం ఉన్నది ఏదైనా, పచ్చడైనా సరే, జపాన్ ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు, 3 ఏళ్ళ జైలు లేదా 30 లక్షల యెన్‌ల ఫైన్ దాకా చట్టం ఉంది. పచ్చి కరివేపాకు, పండ్లు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. అరకు కాఫీ పొడి ప్యాకెట్ తీసుకెళ్ళండి, గొడవే లేదు.

పల్లెల్లో ఉండి నేర్చుకుందామనుకునేవాళ్ళు, "పొలంలో సాయం చేయండి, ఉండటం తినడం ఫ్రీ" అనే ఆఫర్లు టూరిస్ట్ వీసా మీద ఒప్పుకోకండి, జీతం ఇవ్వకపోయినా అది పని కిందే లెక్క పడొచ్చు, డబ్బులిచ్చి ఉండే ఫార్మ్‌స్టే అయితే సమస్య లేదు. వసంతంలో కొండ కూరలు ఏరడానికి తీసుకెళ్తారు, ఆ ఇంటివాళ్ళు చూపించింది తప్ప మీరుగా ఏదీ కోయొద్దు, నిరా అనే ఆకుకూర అనుకుని డాఫొడిల్ ఆకులు వండుకుని హాస్పిటల్ పాలయ్యేవాళ్ళు స్థానికుల్లోనే ఉన్నారు.

చివరిగా, క్లాస్‌లో కొలతలు రాసుకునేటప్పుడు కప్పు అని రాయకండి, గ్రాములు, మిల్లీలీటర్లు అడిగి రాసుకోండి. వాళ్ళ వంట కప్పు 200 మిల్లీలీటర్లు, బియ్యం కొలిచే కప్పు 180, అమెరికాలో ఉన్న మనవాళ్ళ కప్పు 240, మూడూ కలిపేస్తే అన్నం జావ అవుతుంది. మిసో కొంటే హ్యాండ్ బ్యాగ్‌లో పెట్టొద్దు, సెక్యూరిటీలో దాన్ని లిక్విడ్ కిందే లెక్కేస్తారు, రెండు జిప్ కవర్లలో చుట్టి చెక్‌ఇన్‌లో వేయండి, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి. బోరు నీళ్ళతో కొంబు దాషి చేస్తే రుచి సరిగ్గా దిగదు, అక్కడ నీళ్ళలో సున్నం తక్కువ, ఇక్కడ ఆర్‌ఓ నీళ్ళు వాడండి.