ముందు టైర్లు లోపలి అంచే అరిగిపోతుంటే

పక్కనుంచి చూస్తే మా కారు ముందు టైర్లు బాగానే ఉన్నాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి వైపు చూస్తేనే సంగతి తెలిసింది: అక్కడ గాడులు దాదాపు మాయం. షాపులో కొత్తవి వేయించుకోమన్నారు. కారణం తేలకుండా వేయిస్తే అవీ అలాగే అరుగుతాయి కదా!

గాలి తక్కువైతే రెండు అంచులూ, ఎక్కువైతే నడిమి భాగం అరుగుతుంది. ఇక్కడ లోపలి అంచు ఒక్కటే పోయింది. ట్రెడ్ (టైరు నేలకు తగిలే గాడుల భాగం) మీద అడ్డంగా చెయ్యి పోనిస్తే ఒకవైపు నున్నగా, వెనక్కి తెస్తే రంపంలా తగిలింది. అది టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, తేడా ఉందనడానికి గుర్తు.

చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ చేయిస్తే కొన్నాళ్లకే మళ్లీ తప్పింది. వేరే మెకానిక్ కారు పైకి లేపి చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఊపాడు. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ లూజుగా ఉంది, చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కున్న రబ్బరు బుష్ చిరిగింది. ఇవి ఇలా ఉంటే ఏ అలైన్‌మెంటూ నిలవదు. రెండూ మార్పించాకే మళ్లీ చేయించి, ముందూ తర్వాతా రీడింగుల ప్రింట్ తీసుకున్నాను (అడగందే ఇవ్వరు).

గాడుల్లో ఉండే 1.6 మిల్లీమీటర్ల అరుగుదల గుర్తు దాకా అరిగిన టైర్లు ఎలాగూ మార్చాల్సి వచ్చింది. గాలి మాత్రం డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టిస్తున్నాను. ఇప్పుడు అరుగుదల అంతటా ఒకేలా ఉంది.