పాత కట్టడాన్ని చదవడం – 5వ పాఠం: దుంగ మొనలు

పోయినసారి గోడ దగ్గర ఆగాం. ఈసారి తల పైకెత్తాలి.

భవనం అదే, అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కులోని పెయింటెడ్ డెసర్ట్ ఇన్. 1936లో పార్కు వాళ్లు కొన్న ఈ పాత హోటల్‌ని, లైల్ బెన్నెట్ గీసిన ప్లాన్‌తో 1937–40 మధ్య దాదాపు కొత్తగా కట్టారు. కట్టింది సీసీసీ కుర్రాళ్లు. మాంద్యం రోజుల్లో అమెరికా ప్రభుత్వం పని చూపించిన నిరుద్యోగ యువకులు వాళ్లు.

ఈ భవనాన్ని ప్యూబ్లో ఇళ్ల శైలిలో కట్టారు. ప్యూబ్లోలంటే అమెరికా నైరుతిలోని ఆదివాసులు. వాళ్ల ఇళ్ల పైకప్పు రాయలసీమ మట్టిమిద్దె చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. మన దూలం అక్కడ వీగా. చెక్కు తీసిన గుండ్రటి దుంగ. మన దంతెల చోట లతీయాలు. సన్నటి కర్రలు, దుంగల మీద అడ్డంగా పక్కపక్కనే పేరుస్తారు. వాటి మీద రెల్లో, కంపో పరిచి మట్టి వేస్తారు. మా అవ్వగారింట్లో అయితే అన్నం తింటుంటే పైనుంచి మట్టి రాలేది, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లం.

ఇక అసలు పని. ఈ శైలి ఇళ్లకు బయట గోడలోంచి దుంగ మొనలు పొడుచుకొచ్చి ఉంటాయి. అవి నిజంగా బరువు మోస్తున్నాయా, షోకు పెట్టినవా?

గది పొడవు, వెడల్పు చూడండి. దూలం మామూలుగా పొట్టి వైపే వేస్తారు. పన్నెండడుగులకు దొరికే దుంగను వదిలి ఇరవై అడుగుల దానికోసం ఎవరూ అడవి పట్టుకుని తిరగరు. కాబట్టి మొనలు మామూలుగా పొడుగు గోడల్లోనే కనబడాలి. ఒకే గదికి, ఒకే ఎత్తులో నాలుగు గోడలకీ మొనలుంటే అనుమానించండి. తర్వాత లోపల దుంగలు, బయట ఒక్కో గోడకు మొనలు లెక్కపెట్టండి. దుంగల కంటే మొనలు ఎక్కువొచ్చాయా, కొన్ని మొనలు అతికించినవే అయ్యుండొచ్చు. నేను మొదట్లో ఈ లెక్క మానేసి, మొన కనబడితే చాలు దూలం గీసేసేవాణ్ణి. ఒక స్కెచ్ మొత్తం చెరిపి మళ్లీ వేయాల్సొచ్చింది.

దుంగ ఆనే చోట చెక్కిన దిమ్మ కనిపిస్తే, దాని మీది రంగుల కంటే ముందు దాని వెడల్పు చూడండి. అది దుంగ బరువును కొంచెం ఎక్కువ మేర పంచుతుంది. రంగులు తర్వాత.

అభ్యాసం: ఈ భవనం లోపలి ఫొటో ఒకటి, బయటి ఫొటో ఒకటి తీసుకోండి. దుంగలు ఏ వైపు నుంచి ఏ వైపుకు పోతున్నాయో బాణం గుర్తులతో గీయండి. నీడలు వేయొద్దు. పైకప్పులో వెలుతురు కోసం పెట్టిన రంగుల అద్దాలు కనబడితే అక్కడ ఖాళీ పెట్టెలు గీసి వదిలేయండి. పాత కుండల మీది బొమ్మలు చూసి సీసీసీ కుర్రాళ్లు వేసిన ఆ రంగులతో 6వ పాఠంలో పని ఉంది.