ఐఎస్‌ఐకి అప్లై చేయాలా వద్దా? ముందు ఒక ఆదివారం కేటాయించు

మార్చి వచ్చిందంటే ఇంటర్ సెకండియర్ పిల్లల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, ఐఎస్‌ఐ బీస్టాట్‌కి అప్లై చేయమంటావా? సీట్లు చాలా తక్కువంట కదా?"

తక్కువే. (ఐఎస్‌ఐ అంటే కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, బీస్టాట్ అక్కడి స్టాటిస్టిక్స్ డిగ్రీ.) కానీ సీట్ల లెక్క చూసి నిర్ణయించుకోకు. అది అందరికీ ఒకటే, నీ గురించి ఏమీ చెప్పదు.

ఐఎస్‌ఐ వెబ్‌సైట్‌లో ప్రవేశ పరీక్ష పాత ప్రశ్నపత్రాలు ఉంటాయి. యూజీబీ అనే రెండో పేపర్ ఒకటి ప్రింట్ తీసుకో. ఎనిమిది లెక్కలు, రెండు గంటలు. ఆదివారం పొద్దున్నే ఫోన్ అమ్మ చేతికిచ్చి కూర్చో. ఆప్షన్లు ఉండవు. ప్రతి మెట్టూ ఎందుకు నిజమో రాయాలి.

మన పిల్లలు ఆగిపోయేది అక్కడే. 2016లో మొదటిసారి రాసినప్పుడు ఆప్షన్ల పేపర్ బాగానే చేశాను. రెండో పేపర్లో పెన్ను కదల్లేదు. మా కాలేజీలో రెండేళ్లూ ఆప్షన్లలోని విలువలు పెట్టి చూసి జవాబు పట్టుకోవడమే నేర్పారు. ఒక చిన్న లెక్క చూడు: వరుసగా వచ్చే నాలుగు సంఖ్యల లబ్ధానికి 1 కలిపితే ఎప్పుడూ ఖచ్చిత వర్గమే వస్తుందని నిరూపించాలి. 1, 2, 3, 4 తీసుకుంటే 25. 2, 3, 4, 5 అయితే 121. అప్పట్లో నేనైతే ఇంకో రెండు సరిచూసి "కాబట్టి నిజం" అని రాసేదాన్ని. అది నిరూపణ కాదు. మొదటిదాన్ని చివరిదానితో గుణించు, మధ్య రెండింటినీ విడిగా గుణించు. ఆ లబ్ధాల తేడా ఎప్పుడూ 2 అని బీజగణితంతో చూపించు. వాటి మధ్యలో ఉండే సంఖ్య వర్గమే నీ జవాబు. ఇది చదవగానే నీకు హాయిగా అనిపించిందా? ఆ హాయి చాలా ముఖ్యం.

ఆ ఆదివారం ఒక్క లెక్క పూర్తిగా వచ్చినా అప్లై చెయ్యి. ఒక్కటీ రాకపోయినా, ఏదో ఒకటి సాయంత్రం దాకా బుర్రలో తిరుగుతుంటే కూడా చెయ్యి. సంఖ్యావాదం (నంబర్ థియరీ), అసమానతలు (ఇనీక్వాలిటీస్) కొంచెం విడిగా చదువుకోవాలి. పేపర్ పక్కన పడేసి మళ్ళీ దాని ఊసే రాలేదంటే మాత్రం వద్దు. పరీక్ష మే నెలలో, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) టెన్షన్ కూడా అప్పుడే. పేరు కోసం ఆ రోజులు పోగొట్టుకోకు.

ఇంట్లో ఒప్పించడం ఇంకో పని. ట్యూషన్ ఫీజు లేదు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. కానీ మార్కులు తగ్గితే స్టైపెండ్ ఆగిపోవచ్చు, అది కూడా నాన్నకు దాచకుండా చెప్పు. కోల్‌కతా దూరమంటే, ఐఎస్‌ఐ వాళ్ళదే లెక్కల డిగ్రీ బీమ్యాథ్ బెంగళూరులో ఉంది. మా నాన్న "స్టాటిస్టిక్స్ చదివి ఏం చేస్తావమ్మా?" అన్నప్పుడు పేరున్న స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి సంగతి చెప్పాను. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎంఏ చేసి 1941లో ఐఎస్‌ఐకే వెళ్ళారాయన. నాన్న వెంటనే ఒప్పుకోలేదు కానీ, మరుసటి ఏడాది మళ్ళీ రాస్తానంటే వద్దనలేదు. ఆ ఏడాదంతా రోజుకొక నిరూపణ పూర్తి వాక్యాల్లో రాశాను. సీటు వచ్చింది.

ఆదివారం రాసిన కాగితాలు ఫొటో తీసి నాకు పంపు. కొట్టివేతలున్న పేజీలు కూడా పంపు, నేను ముందు చూసేది వాటినే.